కారు గడ్డము క్రింది పలక

కారును ఎదుటనుంచి చూస్తే దీపములు కండ్లవలె, గాలిని లోపలికి తీసుకొనే జాలీ నోటివలె, బంపరు గడ్డమువలె కనిపిస్తాయి. కొన్ని కార్లకు ఆ గడ్డము క్రింద, నేలకు జానెడు ఎత్తున, ఒక సన్నని పలక అమర్చి ఉంటుంది. కొన్నింటికి అది కార్ఖానాలోనే అమర్చినది. మరికొన్నింటికి యజమాని విడిగా కొని తగిలించుకొన్నది. మెకానిక్కులు దానిని 'లిప్' అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు పెదవి అని అర్థము. చూచేవారికి అది కేవలము అలంకారము. అయితే దాని పుట్టుక పందెపు బాటలమీద జరిగినది. దాని వెనుక కొంత వాయుశాస్త్రమున్నది. అంతకన్న ఎక్కువగా అతుకుల శాస్త్రమున్నది. పలకను ఏ ఆకారములో కోయాలి అనే ప్రశ్నకు పదేండ్లు తిరగకుండానే సమాధానము దొరికినది. దానిని ఊడిపోకుండా నిలపడమెట్లా అనే ప్రశ్న మాత్రము బంపరు మారినప్పుడల్లా మళ్లీ తల ఎత్తుతూ వచ్చినది.

ముందు పలక చేసే పని ఏమిటో చూడాలి. కారు పైభాగము వంపు తిరిగి ఉంటుంది. దానిమీదుగా సాగే గాలి వేగము పెరిగి, అక్కడ పీడనము తగ్గుతుంది. ముక్కు క్రిందినుంచి లోపలికి దూరిన గాలికి ఇంజను అడుగుభాగము, ఇరుసులు, గొట్టములు అడ్డు తగులుతాయి. అక్కడ పీడనము అంతగా తగ్గదు. పైన తక్కువ, క్రింద ఎక్కువ అయినప్పుడు ఆ తేడా కారు ముక్కును పైకి ఎత్తుతుంది. ముందు చక్రములమీద భారము తగ్గుతుంది. స్టీరింగు చేతికి తేలికగా తోస్తుంది. నడిపేవానికి అది హాయిగా అనిపించవచ్చును గాని, మలుపులో చక్రము రోడ్డును పట్టుకొనే శక్తి అంతమేరకు తగ్గినదని దాని అర్థము. గడ్డము క్రింద పలక నిలిపితే కారు క్రిందికి దూరే గాలి తగ్గుతుంది. పలక వెనుక పీడనము పడిపోతుంది. ముక్కు పైకి లేవడము తగ్గుతుంది. ఆ తక్కువ పీడనము రేడియేటరు గుండా గాలిని లాగడానికి కూడ తోడ్పడుతుంది. ఏటికి అడ్డుకట్ట వేసినట్లే గనుక దీనికి ఇంగ్లీషులో గాలికట్ట అనే అర్థము వచ్చే పేరు కూడ ఉన్నది.

ఇక పలకమీద పడే బలము. దీనికి పెద్ద గణితము అక్కరలేదు. గాలి సాంద్రత ఘనమీటరుకు సుమారు 1.2 కిలోగ్రాములు. సాంద్రతలో సగమును వేగపు వర్గముతో గుణిస్తే, ఎదురుగాలి చదరపు మీటరుకు చూపే తోపుడు వస్తుంది. పలక పొడవు ఒకటిన్నర మీటరు, ఎత్తు 8 సెంటీమీటర్లు అనుకొందాము. గంటకు 60 కిలోమీటర్ల వేగములో దానిమీద పడే తోపు దాదాపు 20 న్యూటన్లు, అనగా 2 కిలోల బరువంత. వేగము 120 అయితే అది నాలుగింతలై 8 కిలోల బరువంత అవుతుంది. పందెపు కారు 240 కిలోమీటర్ల వేగము అందుకొంటే 32 కిలోలు దాటుతుంది. ఊరిలో నడిపినంత కాలము రెండు స్క్రూలు చాలుననిపించిన పలక పెద్ద రోడ్డు ఎక్కగానే ఎందుకు గడగడలాడుతుందో ఈ వర్గనియమమే చెబుతుంది. పైగా పలకను పై అంచున మాత్రమే బిగిస్తారు. గాలి తోపు దాని మధ్యన పడుతుంది. అందువల్ల పలక ఒక మీటవలె పనిచేసి తన స్క్రూలను తానే పెకలించ చూస్తుంది.

కారుకు రెక్క తగిలించిన తొలి ప్రయత్నములలో 1956 నాటిది ప్రసిద్ధము. మైకేల్ మే అనే యువ స్విస్ ఇంజనీరు తన పోర్షె 550 కారుపై, నడిపేవాని నెత్తిమీదుగా, ఒక విమానపు రెక్కను తలక్రిందులుగా నిలిపి జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ పందెమునకు తెచ్చాడు. నిర్వాహకులు దానిని పందెములో దిగనివ్వలేదు. ఆ తరువాత కొన్నేండ్లపాటు ఆ దారిని ఎవరూ పట్టించుకోలేదు.

గడ్డము క్రింది పలక కథ టెక్సాస్‌లో మొదలైనదంటే తప్పు కాదు. జిమ్ హాల్ ఇంజనీరింగు పట్టభద్రుడు, స్వయముగా పందెగాడు. 1963లో ఆయన తయారు చేసిన షాపరల్ 2 కారు చూడడానికి ఎంతో నునుపుగా ఉన్నది. మిడ్‌లాండ్ పట్టణము దగ్గర తన సొంత బాటమీద పరీక్షించినప్పుడు మాత్రము, వేగము హెచ్చినకొద్దీ దాని ముక్కు నేలను విడిచి పైకి లేవడము మొదలుపెట్టినది. అందముగా ఉన్న ఆకారము గాలికి కూడ అందముగానే తోచాలన్న నియమమేమీ లేదు. హాల్ ముక్కును మార్చలేదు. దాని క్రింద ఒక పలకను అడ్డముగా బిగించాడు. మంచు పేరుకొన్న దారులను శుభ్రము చేసే బండి ముందుండే నాగలిని పోలి ఉన్నదని దానిని మంచునాగలి అన్నారు. ముక్కు నేలకు దిగినది. ఆ ఏటి అక్టోబరులో రివర్‌సైడ్ పందెమునకు అది అందరికన్న ముందు వరుసలో నిలబడినది.

హాల్ పలక పనిచేసినదని తెలియగానే పందెపు రంగమంతా రేకుల యుగము వచ్చినది. 1968లో ఫార్ములా వన్ కార్లకు కూడ రెక్కలు మొలిచాయి. కొద్ది నెలలలోనే అవి పొడవైన సన్నని కడ్డీలమీద, మనిషి తలకన్న ఎత్తున, ఊగుతూ నిలబడ్డాయి. లోటస్ కార్లలో ఆ కడ్డీలు కారు బాడీకి గాక, నేరుగా చక్రములను మోసే భాగములకు తగిలించి ఉండేవి. రెక్క నొక్కుడు స్ప్రింగులగుండా పోకుండా తిన్నగా టైరుకే అందాలని ఆ ఏర్పాటు. సిద్ధాంతములో ఇది చక్కని ఊహ. కాని చక్రము గతుకుమీద ఎగిరినప్పుడల్లా కడ్డీ కూడ ఎగురుతుంది. పైన రెక్క గాలిని పట్టుకొని నిలిచి ఉంటుంది. మధ్యన నలిగేది కడ్డీయే.

1969 మే 4వ తేదీన బార్సిలోనా నగరములోని మొంజుయిక్ కొండ బాటపై స్పానిష్ గ్రాండ్ ప్రి జరిగినది. అక్కడ రోడ్డు ఒకచోట మిట్ట ఎక్కి దిగుతుంది. కారు ఆ మిట్టమీద తేలికపడి, మరుక్షణములో బరువుగా నేలకు దిగుతుంది. గ్రాహమ్ హిల్ నడుపుతున్న లోటస్ వెనుక రెక్క అక్కడ కూలిపోయినది. కారు అదుపుతప్పి కాపు కంచెను ఢీకొన్నది. హిల్‌కు పెద్ద దెబ్బలేమీ తగలలేదు. కొన్ని చుట్ల తరువాత ఆయన సహచరుడు యోఖెన్ రింట్ కారుకూ సరిగా అదే గతి పట్టినది. రింట్ కారు హిల్ కారు శిథిలముమీదికే దూసుకొనిపోయినది. ఆయన ముఖపు ఎముకలు విరిగాయి. రెండు కార్లలో ఒకే భాగము ఒకే తీరున విరగడము చూచిన తరువాత దానిని దురదృష్టమనడానికి వీలులేదు. రెక్క ఎంత పనిచేస్తుందో లెక్క వేసినవారు, ఆ పనిని మోసే కడ్డీమీద ఎంత భారము పడుతుందో అంత శ్రద్ధగా లెక్క వేయలేదు. రింట్ గాయము మానకముందే రెక్కలను ఖండిస్తూ బహిరంగ లేఖ వ్రాశాడు. ఆ నెలలోనే మొనాకో పందెములో ఎత్తైన రెక్కలను నిషేధించారు. తరువాత వచ్చిన నియమములలో రెక్క పొట్టిదై, కారు బాడీకే గట్టిగా బిగించబడినది.

అదే సంవత్సరము అక్టోబరులో ఆస్ట్రియాలో ఇంకొక సంఘటన జరిగినది. పోర్షె 917 కారు గొప్ప వేగము గలదే గాని, తిన్నని దారిలో కూడ తోక ఊపేది. నడిపేవారు దానికి భయపడేవారు. పరీక్షలు నడుస్తుండగా జాన్ హోర్స్‌మన్ అనే ఇంజనీరు కారు బాడీపై అంటుకొని చచ్చిన చిన్న దోమలను గమనించాడు. అద్దముమీద దోమలు బోలెడున్నాయి. తోకమీది రేకులపై దాదాపు ఏమీ లేవు. అనగా గాలి ఆ రేకులను తాకకుండానే పైనుంచి పోతున్నది. వెంటనే అల్యూమినియము రేకులు కత్తిరించి, తోకను ఎత్తు చేస్తూ, అక్కడికక్కడే స్క్రూలతోను, టేపుతోను అతికించారు. కారు మాట వినడము మొదలుపెట్టినది. ఆ తాత్కాలిక అతుకు అందముగా ఉండి ఉండదు. పరీక్షకు అది చాలినది. మరుసటి ఏట 917 ల మాన్ పందెము గెలిచినప్పుడు దాని తోక ఆకారము ఆ రేకుల నుంచి వచ్చినదే.

పందెపు బాటనుంచి ఇంటి కారుకు పలక దిగివచ్చిన తీరు విచిత్రముగా ఉంటుంది. 1969లో ఫోర్డు కంపెనీ మస్టాంగ్ బాస్ 302 అనే కారు అమ్మకమునకు పెట్టినది. దాని గడ్డము క్రిందికి ఒక నల్లని పలక ఉన్నది. కాని కార్ఖానాలో దానిని బిగించలేదు. లారీలపైకి ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు నేలకు రాచుకొని విరుగుతుందని దానిని డిక్కీలో పడవేసి పంపారు. బిగించే పని డీలరు షెడ్డులోని పనివారిది. పెద్ద కంపెనీ ఇంజనీరు ఎంత లెక్క వేసినా, చివరకు స్క్రూ తిప్పేది ఎక్కడో ఒక ఊరిలోని మెకానిక్కు. ఈ అరువు పని అప్పటినుంచి ఇప్పటివరకు మారలేదు.

జర్మనీలో పోర్షె 911 కథ ఇంకా బోధకమైనది. ఆ కారులో ఇంజను వెనుక ఉంటుంది, ముందుభాగము తేలిక. 1960ల మధ్య కాలములో ముందుభాగమును కుదుర్చుకోవడానికి కంపెనీ వారు బంపరు రెండు మూలలలో ఒక్కొక్కటి 11 కిలోల పోత ఇనుప దిమ్మెలు దాచారు. బరువు తగ్గించడమే ధ్యేయముగా గల కారులో 22 కిలోల ఇనుమును మోయించడము ఆ ఇంజనీర్లకు ఎంత కష్టముగా తోచినదో ఊహించవచ్చును. 1968లో ముందు వెనుక చక్రముల మధ్య దూరమును 57 మిల్లీమీటర్లు పెంచి ఆ దిమ్మెలకు సెలవిచ్చారు. 1972 మోడలు 911 ఎస్ కారుకు గడ్డము క్రింద పలక వచ్చినది. కొద్దిపాటి బరువు గల పలక, వేగము హెచ్చినప్పుడు ఇనుప దిమ్మె చేయలేని పని చేస్తుంది. దిమ్మె బరువు ఎప్పుడూ ఒకటే, పలక ప్రభావము వేగపు వర్గముతో పెరుగుతుంది. అయితే ముందు మాత్రమే సరిచేస్తే వెనుక తేలిపోతుంది. అందుకే 1972 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో కనిపించిన కరెరా ఆర్‌ఎస్ కారుకు బాతు తోకవంటి వెనుక పలకను కూడ జోడించారు.

బి.ఎమ్.డబ్ల్యు. 1973లో పందెముకొరకు తయారు చేసిన 3.0 సి.ఎస్.ఎల్. కారు వెనుక రెక్క జర్మను రోడ్డు నియమములకు ఒప్పలేదు. కంపెనీ వారు ఆ రెక్కను విడిభాగములుగా డిక్కీలో పెట్టి అమ్మారు. కొన్నవాడు ఇంటికి పోయి బెజ్జములు వేసి బిగించుకొంటే అది అతని ఇష్టము! చట్టమును గౌరవించినట్లూ ఉన్నది, రెక్క అమ్మినట్లూ ఉన్నది. కారు యజమానులు తమ చేతులతో తాము పలకలు తగిలించుకొనే అలవాటుకు ఇంతకన్న గట్టి ప్రోత్సాహము మరొకటి ఉండదు.

సరిగా ఈ కాలములోనే బంపరు స్వభావము మారిపోయినది. అంతవరకు బంపరు అంటే క్రోమియము పూత వేసిన ఉక్కు బద్ద. దాని క్రింద ఉక్కు రేకు. ఉక్కుకు ఉక్కును గాని, అల్యూమినియమును గాని బోల్టుతో బిగించడము ప్రతి కమ్మరికి తెలిసిన విద్య. 1968లో పోంటియాక్ జి.టి.ఓ. కారు ముక్కును, దెబ్బ తగిలితే లొంగి మళ్లీ లేచే మెత్తని ప్లాస్టిక్కుతో చేశారు. 1972లో ఫ్రాన్సులో రెనో 5 కారు ప్లాస్టిక్కు బంపర్లతో వచ్చినది. ఆ ఏటి సెప్టెంబరు 1నుంచి అమెరికాలో అమలైన నియమము ప్రకారము, గంటకు 5 మైళ్ల వేగముతో ముందు బంపరు గోడను తాకినా దీపముల వంటి ముఖ్యభాగములు చెడరాదు. ఇటువంటి కారణములన్నీ కలిసి కొన్నేండ్లలో ఉక్కు బద్దను తెర వెనుకకు నెట్టాయి. ఈనాటి కారులో బయటికి కనిపించేది మూడు మిల్లీమీటర్ల దళసరిగల ప్లాస్టిక్కు తొడుగు మాత్రమే. దెబ్బను కాచుకొనే దూలము దాని లోపల ఉంటుంది. ఈ తొడుగు ఎక్కువగా పాలీప్రొపిలీను జాతికి చెందినది.

పలక బిగించేవానికి ఇక్కడ మూడు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది, తొడుగు పలుచన. స్క్రూ మరలు పట్టుకోవడానికి అందులో చోటు లేదు. రెండవది, ప్లాస్టిక్కు నిరంతరపు ఒత్తిడి క్రింద మెల్లమెల్లగా సాగుతుంది. ఈరోజు బిగువుగా ఉన్న బోల్టు వారము తరువాత వదులవుతుంది. మూడవది వేడి. ఒక డిగ్రీ వేడి హెచ్చితే ఉక్కు తన పొడవులో పదిలక్షలకు సుమారు 12 వంతులు పెరుగుతుంది. శుద్ధమైన పాలీప్రొపిలీను సుమారు 100 వంతులు పెరుగుతుంది. గాజునార కలిపిన ఫైబరు పలకకు ఈ సంఖ్య సుమారు 25. తెల్లవారుజామున 20 డిగ్రీలుండే బంపరు, ఎండలో నిలిపిన కారుకు 60 డిగ్రీలు చేరిందనుకొంటే, ఒకటిన్నర మీటరు తొడుగు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. దానికి తగిలించిన ఫైబరు పలక ఒకటిన్నర మిల్లీమీటరే సాగుతుంది. మిగిలిన నాలుగున్నర మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి? స్క్రూలన్నీ గట్టిగా బిగించి ఉంటే తొడుగు అలలవలె ఉబ్బుతుంది, లేదా ఫైబరు బెజ్జము దగ్గర పగులుతుంది. గాలికి ఊడిన పలకలకన్న, ఎండకు ఇట్లా దెబ్బతిన్నవాటి సంగతి జనము తక్కువగా గుర్తిస్తారు.

దీనికి సగము జవాబు టేపునుంచి వచ్చినది. కార్లకూ టేపుకూ సంబంధము పాతదే. 1925లో అమెరికాలోని సెయింట్ పాల్ నగరములో, త్రీ ఎమ్ కంపెనీలో పనిచేసే రిచర్డ్ డ్రూ అనే యువకుడు రంగుల పనివారి అవస్థ చూచాడు. కారుకు రెండు రంగులు వేసేటప్పుడు, సరిహద్దున అంటించిన కాగితమును పీకితే క్రింది రంగు కూడ ఊడివచ్చేది. తేలికగా అంటి తేలికగా ఊడే కాగితపు టేపు ఆయన కనిపెట్టినదే. అదే కంపెనీ 1980లో దీనికి విరుద్ధ గుణము గల టేపును తెచ్చినది: రెండువైపులా అంటుకొనే, లోపలినుంచి అంతా అక్రిలిక్కు నురుగే అయిన టేపు. దీని గొప్పతనము అంటులో మాత్రమే లేదు. అది మెత్తగా సాగుతుంది. రెండు భాగములు ఒకదానిమీద ఒకటి జరిగినా, తన దళసరికి మూడు రెట్ల వరకు ఆ జరుగుడును సహిస్తుంది. పలక అంతటా బలమును పరచి మోస్తుంది; అదురును మ్రింగుతుంది.

టేపుకు కూడ ఒక బలహీనత ఉన్నది. గోడమీది కాగితమును అరచేతితో ప్రక్కకు జరపడము కష్టము. మూల ఒకటి గోటితో లేపితే సులువుగా ఊడివస్తుంది. జరుపుడులో బలము టేపు మొత్తముమీద పడుతుంది; ఒలుపుడులో అంచున ఉన్న సన్నని గీతమీదనే పడుతుంది. గాలి పలకను ఒలవడానికే చూస్తుంది, అదీ మూలలనుంచి. అంతేగాక పాలీప్రొపిలీను ఉపరితలము మైనమువలె ఉంటుంది; ఏ జిగురూ దానిపై సరిగా పరచుకోదు. అందువల్ల టేపును మాత్రమే నమ్మడము, స్క్రూలను మాత్రమే నమ్మడము రెండూ పొరపాటే.

1980 తరువాత క్రమముగా కుదురుకొన్న పద్ధతిలో రెండింటికీ వేరువేరు పనులు అప్పగిస్తారు. ముందు పలకను జిగురు లేకుండా ఆనించి, మధ్యగీత చూచుకొని, డ్రూ కనిపెట్టిన కాగితపు టేపుతోనే నిలిపి గుర్తులు పెడతారు. బెజ్జములు బంపరు ముఖముమీద గాక, క్రిందివైపు అడ్డముగా మడిచి ఉన్న అంచులో వేస్తారు. అక్కడ క్రిందినుంచి పైకి బిగించిన బోల్టును గాలి తిన్నగా పీకలేదు, ప్రక్కకు మాత్రమే తోయగలదు. బోల్టు ఆ తోపును బాగా ఓర్చుకొంటుంది. తొడుగు పలుచన గనుక నేరుగా స్క్రూ ఎక్కించక, వెనుక నట్టుగాని, అంచుకు తొడిగే రేకు నట్టుగాని పెట్టి, రెండువైపులా వెడల్పైన వాషర్లు వేస్తారు. మధ్య బెజ్జము గుండ్రముగాను, ప్రక్కలవి అడ్డముగా సాగిన పొడుగు బెజ్జములుగాను కోస్తారు. అప్పుడు పలక మధ్యన స్థిరముగా ఉండి, వేడికి సాగవలసిన తొడుగు అటు రెండు, ఇటు రెండు మిల్లీమీటర్లు జారుకొంటుంది. రైలు పట్టాల మధ్య, వంతెన కొనల దగ్గర ఖాళీ విడిచే సూత్రమే ఇక్కడ ఒక బెజ్జములో ఇమిడి ఉన్నది. రెండు కొనలను చక్రపు గూటి దగ్గర తప్పక ఒక్కొక్క బోల్టుతో పట్టిస్తారు. ఒలుపుడు మొదలయ్యేది అక్కడే. నైలాను చుట్టు గల నట్టు వాడితే అదురుకు తిరిగి వదులుకాదు. అయినను కొద్ది రోజులకు మళ్లీ ఒకసారి బిగించి చూడాలి, ప్లాస్టిక్కు సాగి ఉంటుంది గనుక.

టేపు అంటించే చోట మైనపు పాలిషు, నూనె మిగలకుండా ఐసోప్రొపైలు ఆల్కహాలుతో తుడిచి, పాలీప్రొపిలీనుకు తగిన ప్రైమరు పలుచగా పూస్తారు. చలిలో ఈ పని చేయరాదు. జిగురు బిరుసెక్కి ఉపరితలపు గరుకులలోకి ప్రవహించదు. గట్టిగా అదిమి వదిలిన తరువాత, సాధారణ ఉష్ణోగ్రతలో అంటు తన పూర్తి బలమునకు రావడానికి 72 గంటలు పడుతుంది. ఊడిపోయిన పలకలలో ఎన్నో ఈ మూడు రోజులు ఆగలేని తొందరవల్ల ఊడినవే. ఊడినది రోడ్డు ప్రక్కన పడితే నష్టము డబ్బుతో పోతుంది. సొంత చక్రము క్రిందికో, వెనుక వచ్చే మోటారు సైకిలు ముందుకో పోతే కథ వేరు.

ఇంకొక విషయములో బోల్టు ఎంత గట్టిదైనా ప్రయోజనము లేదు. స్పీడు బ్రేకరు అంచుకు పలక తగిలితే పడే దెబ్బ, గాలి తోపుకన్న ఎన్నో రెట్లు పెద్దది. బిగింపు మరీ గట్టిదైతే పలకతోపాటు బంపరు తొడుగు కూడ చీలుతుంది. అందుకే అనేక కంపెనీలు తమ పలకల క్రింది అంచును రబ్బరువంటి మెత్తని పదార్థముతో చేశాయి. 2013లో వచ్చిన పోర్షె 911 టర్బో కారులో పలక మొత్తము రబ్బరు స్వభావము గల ఎలాస్టోమరే. నెమ్మదిగా పోయేటప్పుడు అది బంపరు క్రింద ముడుచుకొని ఉంటుంది. వేగము హెచ్చగానే సంపీడిత వాయువు దానిని క్రిందికి పొంగిస్తుంది; మళ్లీ నెమ్మదించగానే లోపలికి పోతుంది. 1960లలో బంపరు మూలలలో ఇనుము దాచిన కారు వంశమునకు చెందినదే ఇది.